సమురాయ్‌లు లేని సమురాయ్ కత్తి

1942 మార్చి 23న జపాన్ బలగాలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. ఎదురు నిలిచేందుకు అక్కడ దళం లేదు. బ్రిటిష్‌వాళ్లు అప్పటికే సిపాయిల్ని, చాలామంది అధికారుల్ని ఓడలెక్కించి పంపేశారు. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్ మాత్రం ఉండిపోయి ఖైదీగా చిక్కాడు. యుద్ధమే లేకుండా దీవులు చేతులు మారాయి. వచ్చినవాళ్లు సెల్యులార్ జైలు తలుపులు తెరిచి లోపలున్నవాళ్లను వదిలేశారు. తెల్లదొరల పీడ వదిలిందని ఊళ్లో కొందరు సంబరపడ్డారు కూడా.

ఆ సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు. కోళ్ల కోసం, గుడ్ల కోసం సిపాయిలు ఇళ్లలోకి జొరబడ్డారు. జుల్ఫికర్ అలీ అనే యువకుడు వాళ్లను బెదరగొట్టడానికి గాలి తుపాకీ పేల్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా వాళ్లు ఊరుకోలేదు. ఇళ్లు తగలబెట్టి, జనాన్ని హడలగొట్టి, ఆ కుర్రాణ్ణి అప్పగించేదాకా వదల్లేదు. తర్వాత జనాన్ని పోగేసి అందరూ చూస్తుండగా కాల్చి చంపారు. ఆ తర్వాత వంతు మేజర్ ఎ.జి. బర్డ్‌ది. వాటర్‌ఫాల్ లాగే అతనూ బ్రిటిష్ అధికారుల్లో వెనక్కి వెళ్లకుండా ఉండిపోయినవాడు. గూఢచారి అని నింద వేసి నలుగురిలో చిత్రహింస పెట్టారు. చివరికి ఒక జపాన్ అధికారి కత్తి దూసి తల నరికాడని దీవుల చరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు.

ఈ కథ చెప్పేటప్పుడు దాదాపు ప్రతివాళ్ల నోటా వచ్చే మాట ‘సమురాయ్ కత్తి’. చిక్కంతా ఆ మాటతోనే. 1942లో జపాన్‌లో సమురాయ్ అనేవాడు ఒక్కడూ లేడు. ఆ వర్గానికి ఉన్న జీతాలు, హోదాలు, నడుముకు కత్తి కట్టుకునే హక్కు అన్నీ అంతకు 66 ఏళ్ల ముందే రద్దయ్యాయి. మరి అండమాన్‌కు వచ్చినవాళ్లెవరు? వాళ్ల నడుముకు వేలాడింది ఏమిటి?

సమురాయ్ అనగానే మనకు కత్తే గుర్తొస్తుంది గానీ, తొలినాటి సమురాయ్‌కి కత్తి రెండో ఆయుధం. గుర్రమ్మీద దౌడు తీస్తూ బాణం వెయ్యడం అతని అసలు విద్య. యోధుడి బతుకుబాటను ఆ రోజుల్లో విల్లు పేరుతో, గుర్రం పేరుతో చెప్పుకునేవారు. పది, పన్నెండు శతాబ్దాల మధ్య రాజధాని క్యోటోలో చక్రవర్తి, ఆయన చుట్టూ ఉన్న ప్రభువులు కవిత్వంలో, ఉత్సవాల్లో మునిగి ఉంటే, దూరపు జిల్లాల్లో శిస్తులు వసూలు చెయ్యడం, దొంగల్ని అణచడం ఈ గుర్రపు దళాలవాళ్ల పని అయింది. కాకతీయుల నాటి నాయంకర విధానం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. భూమి మీద ఆదాయం అనుభవించు, పిలిచినప్పుడు బలగంతో రా. తేడా అల్లా, మన నాయకులు కాకతీయుల పతనం తర్వాత ఎక్కడికక్కడ రాజులైపోయారు. జపాన్‌లో ఆ బలగాలన్నీ కలిసి ఒక పెద్ద వర్గంగా గట్టిపడ్డాయి.

మినమోతో, తైరా అనే రెండు వంశాల మధ్య 1180లో మొదలైన పోరు 1185లో దన్-నో-ఊరా దగ్గర సముద్రం మీద ముగిసింది. గెలిచిన మినమోతో యోరితోమో 1192లో షోగన్ బిరుదు పొంది కమకురాలో పాలన పెట్టాడు. చక్రవర్తి క్యోటోలోనే ఉన్నాడు, ఆయన సింహాసనమూ ఉంది. అధికారం మాత్రం ఇటు వచ్చేసింది. ఈ ఏర్పాటు ఆగుతూ సాగుతూ 1868 దాకా నడిచింది. 1274లోనూ 1281లోనూ కుబ్లయ్ ఖాన్ పంపిన మంగోలు నావికాదళాలను తిప్పికొట్టింది ఈ యోధులే. తుపాన్లూ తోడ్పడ్డాయి.

మినమోతో, తైరా యుద్ధాల కాలం నాటి కథల్లో కుమగాయ్ నవోజానేది చదివితే మనసు చివుక్కుమంటుంది. 1184లో ఇచి-నో-తాని పోరులో సముద్రపొడ్డున ఒక శత్రు యోధుణ్ణి కింద పడేసి శిరస్త్రాణం తీసి చూస్తే, తన కొడుకు వయసు కుర్రాడు. పేరు అత్సుమోరి. వదిలేద్దామనుకున్నాడు. వెనక తనవాళ్లే వచ్చిపడుతున్నారు, తను వదిలినా వాళ్లు వదలరు. చంపక తప్పలేదు. తర్వాత కుమగాయ్ కత్తి పక్కన పడేసి బౌద్ధ సన్యాసి అయ్యాడు. కథలో కల్పన ఎంత ఉన్నా అతను సన్యసించిన మాట నిజం. జపాన్ రంగస్థలం ఈ ఘట్టాన్ని వందల ఏళ్లుగా ఆడుతూనే ఉంది.

అయితే సమురాయ్‌లంతా ఇంత సున్నిత మనస్కులనుకుంటే పొరపాటే. ప్రాణం పోయినా ప్రభువును విడవరు అన్నది కూడా సగం నిజమే. పదిహేను, పదహారు శతాబ్దాల్లో దేశమంతా ముక్కలై ఒకరినొకరు పొడుచుకున్న కాలంలో యజమాని మారడం మామూలు వ్యవహారం. జపాన్ చరిత్రను మలుపు తిప్పిన 1600 నాటి సెకిగహారా యుద్ధం ఫలితాన్ని తేల్చిందే ఒక ఫిరాయింపు. కొబయకావా హిదేఅకి అనే యువ ప్రభువు పోరు నడిమధ్యలో తన బలగాన్ని ఎదుటి పక్షానికి తిప్పేశాడు. తొకుగావా ఇయెయసు గెలిచాడు, 1603లో షోగన్ అయ్యాడు. ఆ వంశం రెండున్నర శతాబ్దాలకు పైగా ఏలింది.

విచిత్రం ఇక్కడే మొదలవుతుంది. తొకుగావా పాలనలో యుద్ధాలు దాదాపు లేవు. 1615లో ఒసాకా కోట పడిపోయాక పెద్ద యుద్ధమన్నదే అరుదైపోయింది. అంతకు ముందే 1588లో, అప్పటి పాలకుడు హిదేయోషి రైతుల దగ్గరున్న కత్తుల్ని ఊరూరా లాగేయించాడు. దాంతో నడుముకు రెండు కత్తులు, ఒకటి పొడుగుది ఒకటి పొట్టిది, కట్టుకునే హక్కు సమురాయ్‌కే మిగిలింది. హక్కు మిగిలింది గానీ వాటితో పని లేకుండా పోయింది. కుటుంబాలతో కలుపుకుంటే జనాభాలో నూటికి ఐదారుగురు ఈ వర్గంవాళ్లు. వీళ్లంతా కోటల కింద ఊళ్లలో కాపురం పెట్టి, లెక్కలు రాస్తూ, కాలవలు తవ్విస్తూ, దస్తావేజులు చూస్తూ గుమాస్తాలైపోయారు. జీతం బియ్యంలో. కొకు అనే కొలమానం ఉండేది. సుమారు 180 లీటర్లు, ఒక మనిషికి ఏడాది తిండి కింద లెక్క. పెద్ద ప్రభువుకు లక్షల కొకులు. కిందిస్థాయి సమురాయ్‌కి చాలీచాలని గింజలు. ఇంటి వెనక గొడుగులు కట్టి అమ్ముకున్న సమురాయ్‌లు కొల్లలు. కత్సు కొకిచి అనే ఆయన 1843లో తన జీవితకథ రాసుకున్నాడు. ఉద్యోగం లేదు, అప్పులు, వీధి కొట్లాటలు, ఇంట్లోంచి పారిపోయి అడుక్కోవడం అన్నీ దాపరికం లేకుండా చెప్పాడు. సినిమాల్లో ఈ సమురాయ్ అరుదుగా కనిపిస్తాడు.

సరిగ్గా ఈ కాలంలోనే, చేతిలో పనిలేని యోధులు యుద్ధ ధర్మం గురించి పుస్తకాలు రాయడం మొదలెట్టారు. చావును ఎప్పుడూ కళ్ల ముందు ఉంచుకొమ్మని బోధించే ‘హగకురే’ అందులో పేరున్నది. దాన్ని చెప్పి రాయించిన యమమోతో త్సునెతోమో జీవితంలో ఒక్క యుద్ధమూ చూడలేదు. ఆయన సాగా ప్రభువు దగ్గర పనిచేసిన ఉద్యోగి. ఆ పుస్తకం కూడా ఆ సంస్థానం దాటి పెద్దగా బయటికి రాలేదు. దేశమంతటా చదివినది ఇరవయ్యో శతాబ్దంలోనే. నలభై ఏడుగురు రోనిన్‌ల, అంటే ప్రభువు లేని సమురాయ్‌ల, సంగతీ ఈ కాలానిదే. 1701లో తమ ప్రభువు అసానోకు ఆత్మాహుతి శిక్ష పడితే, రెండేళ్ల లోపే అందుకు కారకుడనుకున్న కిరాను వాళ్లు చంపి, తామూ అదే శిక్షకు తల వంచారు. జనం చేతులెత్తి మొక్కారు. త్సునెతోమో మాత్రం మెచ్చుకోలేదు. అంతకాలం ఆగి పథకం వెయ్యడమేమిటి, ఆ కిరా ఈలోపు జబ్బుచేసి పోతే ఏం చేసేవాళ్లు అన్నది ఆయన అభ్యంతరం. సమురాయ్ ధర్మం ఇదీ అని సమురాయ్‌లే ఒక్క మాట మీద లేరన్నమాట.

1868లో తొకుగావా పాలన కూలింది. ఆ కూలిన తీరులో ఒక ఘట్టం ఇక్కడ చెప్పుకోవాలి. షోగన్ నగరం ఎదో, అంటే ఇప్పటి టోక్యో, ముట్టడికి సిద్ధంగా ఉంది. చక్రవర్తి పక్షం సేనాని సైగో తకమోరి. షోగన్ పక్షాన మాట్లాడటానికి వచ్చినవాడు కత్సు కైషు, పైన చెప్పిన ఆ అప్పులపాలైన కొకిచి కొడుకు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. కోట అప్పగిస్తాం, నగరాన్ని తగలబెట్టొద్దు అన్నాడు కైషు. పది లక్షల జనాభా ఉన్న ఊరు నెత్తురు చిందకుండా చేతులు మారింది. తను ఎవరినీ చంపలేదని, కత్తి చటుక్కున దూయడానికి వీల్లేకుండా ఒరకు గట్టిగా కట్టేసుకునేవాణ్ణని కైషు ముసలితనంలో చెప్పుకున్నాడు. ఆధునిక జపాన్ నౌకాదళానికి పునాది వేసినవాళ్లలో ఇతను ముఖ్యుడు. అండమాన్‌ను మూడున్నరేళ్లు ఏలింది ఆ నౌకాదళమే.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. 1873లో కులం, వర్గం చూడకుండా నిర్బంధ సైనిక సేవ పెట్టారు. 1876లో బయట కత్తి కట్టుకు తిరగడం నిషేధించారు. అదే ఏడాది బియ్యం జీతాలు తీసేసి బాండ్లు చేతిలో పెట్టారు. మరుసటేడు అదే సైగో తకమోరి సత్సుమాలో తిరగబడ్డాడు. 1877 సెప్టెంబరు 24న షిరోయమా కొండ మీద సమురాయ్‌ల ఆఖరి పోరాటం ముగిసింది. వాళ్లను ఓడించింది కొత్తగా చేరిన రైతు బిడ్డల సైన్యం. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన సిపాయి ఎవరికి వారసుడంటే, సమురాయ్‌ని చంపిన ఆ రైతు సిపాయికి.

అలాంటప్పుడు ఆ సిపాయికి తాను సమురాయ్‌నని ఎవరు నేర్పారు? ఇది పకడ్బందీగా, మెట్టు మెట్టుగా జరిగిన పని. 1882లో చక్రవర్తి పేరున సైనికులకు ఒక శాసనం వచ్చింది. విధేయత, ధైర్యం, పొదుపు లాంటి పాత సుగుణాలన్నిటినీ ప్రభువు నుంచి తీసి చక్రవర్తికి కట్టబెట్టింది. 1900లో నితోబే ఇనాజో ‘బుషిదో’ (యోధుడి మార్గం) పుస్తకం అచ్చయింది. సమురాయ్ కుటుంబంలో పుట్టినవాడే, కానీ క్రైస్తవుడు, క్వేకర్. ఆ పుస్తకం రాసింది అమెరికాలో, ఇంగ్లీషులో, పాశ్చాత్య పాఠకుల కోసం. యూరప్‌లో వీరధర్మం ఎలాగో మాకు బుషిదో అలాగ అని నచ్చజెప్పడం ఆయన ఉద్దేశం. తర్వాత నానాజాతి సమితిలో పెద్ద పదవి చేసిన శాంతికాముకుడు ఆయన. ఆయన చల్లిన మాటను సైన్యం పట్టుకుపోయింది.

అప్పటికి కూడా ఖైదీల్ని హింసించడం బుషిదోలో భాగం కాదు. 1904-05 రష్యా యుద్ధంలో పట్టుబడ్డ రష్యన్లను మత్సుయమాలో బాగా చూసుకున్నారని ప్రపంచం మెచ్చుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చిక్కిన జర్మన్లను తొకుషిమా దగ్గర బందో శిబిరంలో ఉంచారు. అక్కడ వాళ్లకు బేకరీ ఉంది, పత్రిక ఉంది, ఆర్కెస్ట్రా ఉంది. 1918 జూన్ 1న ఆ ఖైదీలే బీథోవెన్ తొమ్మిదో సింఫనీ వాయించారు. జపాన్ నేల మీద దాన్ని పూర్తిగా వాయించడం అదే మొదటిసారి. నిజమైన సమురాయ్ ఇళ్లలో పుట్టిన అధికారులు ఇంకా బతికున్న కాలమది. పాతికేళ్లు తిరక్కుండానే, 1941 జనవరిలో, యుద్ధమంత్రి తోజో పేరున ‘సెంజింకున్’ అనే నియమావళి వచ్చింది. బతికుండగా శత్రువుకు పట్టుబడటం సిగ్గుచేటని అది తేల్చింది. తాను పట్టుబడటమే సిగ్గు అయినప్పుడు, పట్టుబడ్డ ఎదుటివాడు మనిషిగా కనిపించడు. బర్డ్ మెడ మీద పడిన వేటుకు దారి వేసింది ఈ కొత్త పాఠమే తప్ప కమకురా కాలం నాటిది కాదు.

ఇక కత్తి. అసలు జపాన్ కత్తి తయారీ తపస్సు లాంటిది. ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి మట్టి కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు కాలుస్తారు. అడుగున దొరికే ఉక్కు ముద్దను కమ్మరి ఏరి, కాల్చి, సాగగొట్టి, మడతపెట్టి, మళ్లీ సాగగొడతాడు. చివర్లో అలుగుకు బంకమట్టి పూస్తారు. వీపు వైపు దళసరిగా, పదును వైపు పలచగా. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పదును వైపు చటుక్కున చల్లారి గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉండిపోతుంది. ఆ రెండిటి సరిహద్దులో పాలపొగ లాంటి గీత తేలుతుంది. ఎంత చెయ్యి తిరిగిన కమ్మరికైనా ఈ ముంచే క్షణంలో కత్తి పగిలిపోవచ్చు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసలో ఉక్కు వండి డమాస్కస్ బజారుదాకా పంపిన మన కమ్మరులకు ఈ సంగతులు చెప్పక్కర్లేదు.

1930లలో సైన్యం పెరిగింది. ప్రతి అధికారికీ కత్తి కావాలి, అది పాత పద్ధతిదిలా కనిపించాలి. 1934లో భూసైన్య అధికారులకు, 1937లో నౌకాదళానికి కొత్త నమూనాలు ఖాయం చేశారు. తాతలనాటి అలుగు ఇంట్లో ఉన్నవాళ్లు దానికే కొత్త ఒర వేయించుకున్నారు. మిగతావాళ్లకు ఫ్యాక్టరీ ఉక్కు, నూనెలో ముంచి గట్టిపరచినది. 1935లో చిన్న హోదావాళ్ల కోసం వచ్చిన కత్తిని దగ్గరగా చూస్తే సంగతంతా తెలిసిపోతుంది. పాత కత్తి పిడికి తిరండి చేప చర్మం తొడిగి, పైన పట్టు తాడు అల్లుతారు. ఇందులో చర్మమూ లేదు, తాడూ లేదు. తాడు అల్లినట్టు లోహంలో పోతపోసి, తాడు రంగు పూశారు. అలుగు మీద కమ్మరి సంతకానికి బదులు వరస నంబరు.

ఇలాంటి కత్తులు కట్టుకున్న జపాన్ నౌకాదళం ఏలుబడిలో అండమాన్ చూసింది చాలా ఉంది. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక శాఖకు నాయకుడుగా ఉన్న పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్‌ను అదే సెల్యులార్ జైల్లో పెట్టి రెండున్నర నెలలకు పైగా హింసించారు. 1943 డిసెంబరు 29న సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్ వచ్చి, మర్నాడు జింఖానా మైదానంలో జెండా ఎగరేశారు. సెల్యులార్ జైలూ చూశారు. అప్పుడు దివాన్ సింగ్ ఆ జైలు గోడల మధ్యే ఉన్నాడు. జపాన్‌వాళ్లు ఆ సంగతి బోస్ దాకా వెళ్లనివ్వలేదు. 1944 జనవరి 14న దివాన్ సింగ్ చనిపోయారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులని కాల్చేశారు. బోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున కల్నల్ లోగనాథన్ చీఫ్ కమిషనర్‌గా వచ్చినా, పగ్గాలు నౌకాదళం చేతుల్లోనే ఉండిపోయాయి. యుద్ధం చివర్లో తిండి కరువైంది. పనికిరారనుకున్న వందలమందిని పడవల్లో తీసుకెళ్లి హేవ్‌లాక్ దగ్గర సముద్రంలో దించేశారు.

ఇదంతా దూరపు దీవుల గొడవ అనుకోవడానికి తెలుగువాళ్లకు వీల్లేదు. పోర్ట్ బ్లెయిర్ పడిన రెండు వారాలకే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ ఖాళీ అయింది. అప్పటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అదే విశాఖ నుంచి ఓడెక్కి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల కుటుంబాలు ఇవాళ అండమాన్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 2011 లెక్కల్లో దీవుల జనంలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వీళ్లలో ఎక్కువమంది యుద్ధం తర్వాత వచ్చినవాళ్లే. కార్బిన్స్ కోవ్ దారిలో, రాస్ దీవిలో (ఇప్పుడది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్) జపాన్‌వాళ్లు కట్టిన కాంక్రీటు బంకర్లు వీళ్ల పిల్లలకు దాగుడుమూతల చోట్లు.

1945 అక్టోబరులో పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలోనే, జనం చుట్టూ నిలబడి చూస్తుండగా, వైస్ అడ్మిరల్ హరా తెయిజో బ్రిగేడియర్ సాలమన్స్‌కు లొంగిపోయాడు. తర్వాత సింగపూర్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణలో హరాకు మరణశిక్ష పడింది. ఆగ్నేయాసియా మిత్రరాజ్యాల సేనాని మౌంట్‌బాటెన్ ఒక పట్టు పట్టాడు. లొంగిపోయే ప్రతి జపాన్ అధికారీ కత్తిని నలుగురిలో అప్పగించాలి. తుపాకులు తీసుకుంటే సైన్యం ఓడుతుంది, కత్తి తీసుకుంటే ఆ సమురాయ్ కట్టుకథ ఓడుతుందని ఆయన లెక్క. ఆ లెక్క సరైనదేననిపిస్తుంది. సైగాన్‌లో ఫీల్డ్ మార్షల్ తెరౌచి నుంచి తీసుకున్న కత్తుల్లో ఒకటి బ్రిటిష్ రాజుకు కానుకగా వెళ్లింది. తెరౌచి తండ్రి చోషు సంస్థానంలో సమురాయ్‌గా పుట్టినవాడు, కాబట్టి ఆ కత్తి వరకు పేరు చెల్లుతుంది.

మిగతావాటి గతి వేరు. ఓడిన జపాన్‌లో అమెరికన్లు లక్షల కత్తుల్ని పోగేశారు. పాత కత్తులు కూడా కొలిమిపాలవుతాయని భయపడ్డ పండితులు, కళాఖండాల్ని వేరు చెయ్యనివ్వమని బతిమాలి ఒప్పించారు. 1948లో కళాత్మక కత్తుల పరిరక్షణకు ఒక సంఘం పుట్టింది. ఇవాళ జపాన్‌లో కత్తి తయారుచెయ్యాలంటే గురువు దగ్గర ఏళ్ల తరబడి శిష్యరికం చేసి లైసెన్సు తెచ్చుకోవాలి. ఆ తర్వాత కూడా నెలకు పొడుగు కత్తులు రెండే చెయ్యాలి. ఇంట్లో ఉంచుకునే ప్రతి కత్తికీ రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి. ఆ కాగితం సంప్రదాయ పద్ధతిలో చేసిన కత్తికే ఇస్తారు. ఫ్యాక్టరీ ఉక్కుతో చేసిన యుద్ధకాలపు కత్తులు అమెరికా, యూరప్ వేలాల్లో మంచి ధరకు పోతున్నాయి. జపాన్ చట్టం మాత్రం వాటిని కళగా ఒప్పుకోదు. వట్టి ఆయుధం కింద స్వాధీనం చేసుకుని నాశనం చేయిస్తుంది.